కళాశాల విద్యార్థి మనస్సు – విద్యా మనోవిజ్ఞాని పని

1896వ సంవత్సరము మార్చి నెలలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఒక పాఠశాల ఉపాధ్యాయిని, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములో మనోవిజ్ఞాన శాస్త్రము బోధించుచున్న లైట్నర్ విట్మర్ వద్దకు ఒక చిక్కును తీసికొని వెళ్ళెను. ఆమె తరగతిలో పదునాలుగేండ్ల బాలుడొకడు ఉండెను. వానికి అక్షరక్రమము ఎంతకును పట్టుబడుట లేదు. మనస్సును గూర్చి ఇన్ని ప్రయోగములు చేయు శాస్త్రము ఈ పిల్లవానికి ఏమైన సాయము చేయగలదా అని ఆమె అడిగెను. విట్మర్ బాలుని పరీక్షింపగా మొట్టమొదట బయటపడినది కంటి దోషము. కళ్లజోడు పెట్టించిరి. దానితోనే అంతయు చక్కబడలేదు; కొంతకాలము ప్రత్యేకముగా చదువు చెప్పవలసి వచ్చెను. ప్రపంచములో తొలి మనోవైజ్ఞానిక చికిత్సాలయము ఈ విధముగ పుట్టినది.

ఇందు రెండు సంగతులు గమనింపదగినవి. ఆ చికిత్సాలయమునకు వచ్చిన మొదటివాడు మతి చలించినవాడు కాడు, చదువులో చిక్కుపడినవాడు. వానిని అక్కడకు చేర్చినది వైద్యుడు కాదు, పంతులమ్మ. విద్యా మనోవిజ్ఞాని యనగా ఎవరో, అతని పని ఎక్కడ మొదలగునో తెలిసికొనుటకు ఈ రెండు సంగతులే చాలును.

తరువాత ఈ పని క్రమముగా వ్యాపించినది. 1910లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున కళాశాల విద్యార్థుల మానసికారోగ్యము కొరకే ఒక విభాగమేర్పడినది. 1913లో లండన్ నగర పాలక సంస్థ సిరిల్ బర్ట్‌ను తన పాఠశాలలకు మనోవిజ్ఞానిగా నియమించినది. మన దేశములో 1916లో కలకత్తా విశ్వవిద్యాలయమున మనోవిజ్ఞాన శాఖ ఆరంభమైనది. 1947లో అలహాబాదున ప్రభుత్వ మనోవిజ్ఞాన కేంద్రము వెలసినది. కాని ఊరూర కళాశాల ఉన్నంత వేగముగా, కళాశాలకొక మనోవిజ్ఞాని రాలేదు.

రాకపోవుటకు ధనాభావమొక్కటే కారణము కాదు. మానసికారోగ్యమను మాట వినగానే తెలుగువారికి స్ఫురించునది పెద్ద ఆసుపత్రి. హైదరాబాదు ప్రాంతమువారు "ఎర్రగడ్డ" అనియు, విశాఖవారు "పెదవాల్తేరు" అనియు వేళాకోళమాడుట అందరు ఎరిగినదే. జలుబు చేసినవానికి మిరియాల కషాయమిచ్చువారు ఇంటింట ఉందురు. జ్వరము ముదిరినచో వైద్యుడున్నాడు. మనస్సుకు నలత చేసినపుడు మాత్రము మన యొద్ద ఉన్నవి రెండే: ఇంటిలో "ఏం కాదులే" అను ఓదార్పు, దూరాన పెద్దాసుపత్రి. నడుమ ఏమియు లేదు. ఆ నడిమి చోటు విద్యా మనోవిజ్ఞానిది.

ఆ చోటు ఎంత పెద్దదో అంకెలు చెప్పుచున్నవి. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో పండ్రెండు రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో, 13 నుండి 17 ఏండ్ల పిల్లలలో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలినది. అమెరికాలో జరిగిన పెద్ద సర్వే ఒకటి 2005లో ప్రకటింపబడినది. జీవితకాలములో మానసిక వ్యాధికి గురియగువారిలో సగముమందికి అది పదునాలుగేండ్లలోపు, ముప్పాతికమందికి ఇరువదినాలుగేండ్లలోపు మొదలగునని దానివలన తెలిసినది. అనగా పదవ తరగతి మొదలు పట్టభద్రుడగువరకు నడుచు కాలమే ఇందుకు కీలకమైన కాలము. ఆ కాలమున విద్యార్థిని ప్రతిదినము చూచువారు తల్లిదండ్రులు కూడ కారు; ఉపాధ్యాయులు, వసతిగృహములో తోటివారు.

అయితే నూటికి ఏడుగురి మాట అటుండగా, మిగిలిన తొంబదిమూడుగురు హాయిగా ఉన్నారని కాదు. రోగమనదగినది లేకున్నను పరీక్షలనగా వణకువారు, ఎంత చదివినను నిలువక విసిగినవారు, క్రొత్తచోట ఒంటరియైనవారు వీరిలో అనేకులు. విద్యా మనోవిజ్ఞాని పనిలో అధికభాగము వీరితోనే.

పరీక్షాభయము

పరీక్షకు ముందు కొంత భయముండుట మంచిదని పెద్దలందురు. ఇది పూర్తిగా అబద్ధము కాదు, పూర్తిగా నిజమును కాదు. 1908లో యెర్క్స్, డాడ్సన్ అను ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకలపై ఒక ప్రయోగము చేసిరి. రెండు పెట్టెలు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. నల్లదానిలో అడుగిడినచో ఎలుకకు కొద్దిపాటి విద్యుద్ఘాతము తగులును. ఎలుకలు తెల్లదానిని ఎంచుకొనుట ఎంత త్వరగ నేర్చునో లెక్కించిరి. రెండింటి భేదము స్పష్టముగ కనబడునపుడు ఘాతము పెంచినకొలది త్వరగ నేర్చినవి. వెలుతురు తగ్గించి భేదమును కనిపెట్టుట కష్టము చేసినపుడు కథ మారెను. ఘాతము ఒక మోస్తరుగ ఉన్నంతవరకే మేలు. ఇంకను పెంచినచో నేర్పు మందగించెను.

కొద్ది ఎలుకలతో చేసిన ఈ ప్రయోగమును మనుష్యులకు అట్లే అతికించి గొప్ప సిద్ధాంతముగ చెప్పువారున్నారు. అంత తొందర పనికిరాదు. కాని బెత్తము లేనిదే చదువు రాదను నమ్మకమును ఈ ఎలుకలు కొంత కదిలించినవి. ఎక్కము అప్పగించుటవంటి సులువైన పనికి బెదిరింపు పనిచేసినట్లు కనబడవచ్చును. క్రొత్తగా ఆలోచింపవలసిన లెక్క వచ్చినపుడు అదే బెదిరింపు కాళ్ళకు అడ్డుపడును. గోడకుర్చీ వేయించి గుణింతము నేర్పిన ఉపాధ్యాయుడు, అదే పద్ధతిలో కలనగణితము నేర్పజూచినచో ఫలితమేమగునో ఊహింపవచ్చును.

భయమునందు దేహములో జరుగునదేమి? ప్రశ్నపత్రము చేతికి రాగానే గుండె దడదడ కొట్టుకొనును, అరచేతులు చెమర్చును, నోరు ఎండును, కడుపులో తిప్పినట్లుండును. మూత్రపిండములపై టోపీవలె కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అను రసమును రక్తములోనికి వదలుటచే ఇది జరుగునని వాల్టర్ కానన్ అను శరీరశాస్త్రజ్ఞుడు ఇరువదవ శతాబ్ది తొలి దశలలో వివరించెను. ప్రమాదమెదురైనపుడు పోరాడుటకో పారిపోవుటకో దేహమును సిద్ధపరచు ఏర్పాటిది. పులి ఎదుటపడినవానికి ఇది ప్రాణము నిలుపును. ప్రశ్నపత్రమునకు పిక్కబలముతో పనిలేదు.

కాని విచిత్రమేమనగా, గుండెదడవలన పరీక్ష పాడగుట తక్కువ. 1967లో లీబర్ట్, మోరిస్ అను పరిశోధకులు పరీక్షాభయమును రెండు పాయలుగా విడదీసిరి. ఒకటి దేహమునకు సంబంధించిన ఉద్వేగము. రెండవది మనస్సులో సుడి తిరుగు చింత. "తప్పుతానేమో, నాన్న ముఖం ఎట్లా చూడను, వాడు అప్పుడే రెండో పేజీ తిప్పాడు" అను ధోరణి ఇది. మార్కులను తినివేయునది ముఖ్యముగ ఈ రెండవది.

ఎందువలన? ఆలోచించునపుడు సంగతులను క్షణకాలము నిలుపుకొనుటకు మనస్సులో ఒక చిన్న బల్లవంటిది కలదు. దీనిని శాస్త్రజ్ఞులు క్రియాత్మక స్మృతి యందురు. దానిపై ఏడు వస్తువుల వరకు పట్టునని 1956లో జార్జి మిల్లర్ అనెను. నాలుగే పట్టునని తరువాతివారు తగ్గించిరి. భౌతికశాస్త్రములో ఒక లెక్కకు తొలివేగము, త్వరణము, కాలము అను మూడింటిని బల్లపై పెట్టుకొని సూత్రమును వెదకవలెను. అప్పటికే రెండు స్థానములలో చింత కూర్చున్నచో సూత్రమునకు చోటెక్కడిది? పరీక్షలో తెల్లమొగము వేసిన విద్యార్థికి గేటు దాటగానే జవాబంతయు గుర్తునకు వచ్చుట ఇందువలననే. వానికి రాకపోవుట కాదు, ఆ వేళ బల్లపై చోటు లేకపోవుట.

ఇచ్చట మనోవిజ్ఞాని చేయగల పనులున్నవి. ఒకటి, నెమ్మదిగ శ్వాస తీయుట, కండరములను బిగించి వదలుట అభ్యాసము చేయించి, తరువాత పరీక్షా సన్నివేశమును మెట్టుమెట్టుగ ఊహింపజేయుట. ముందు పరీక్షకు నెలరోజులున్నదని, పిదప వారమున్నదని, చివరకు గంట మ్రోగినదని ఊహింపజేయుదురు. భయము కలిగినచోట ఆగి, అది శమించిన పిదప ముందడుగు వేయింతురు. జోసెఫ్ వోల్పే 1958లో ప్రకటించిన ఈ విధానము పరీక్షాభయమునకు 1960 ప్రాంతములనుండి వాడుకలో ఉన్నది.

రెండవది ఇంకను సులభము. 2010లో జేమీసన్, అతని సహచరులు ఒక ప్రవేశపరీక్షకు సిద్ధమగుచున్న విద్యార్థులలో కొందరికి, గుండె వేగముగ కొట్టుకొనుట చెడుగు చేయదనియు, అది సాయమే కావచ్చుననియు ముందుగా తెలియజెప్పిరి. గణిత విభాగములో వారికి మిగిలినవారికన్న ఎక్కువ మార్కులు వచ్చినవి. దడ తగ్గలేదు, దడను గూర్చిన చింత తగ్గినది.

మరియొక ఉపాయమునకు ఒకప్పుడు మంచి పేరు వచ్చినది. పరీక్షకు ముందు పది నిమిషములు తన భయములను కాగితముపై వ్రాసినచో మార్కులు పెరుగునని 2011లో రమీరెజ్, బైలాక్ ప్రకటించిరి. పత్రికలన్నియు దానిని చాటినవి. 2018లో వెలువడిన పునఃపరీక్షలో ఆ ఫలితము కనబడలేదు. వ్రాసికొనుట వలన ఎవరికైన మనస్సు తేలికపడినచో మంచిదే. కాని దానిని మందుచీటీవలె తరగతికంతకు పంచరాదు. తాను వాడు పద్ధతి పనిచేయుచున్నదా లేదా యని మరల మరల పరీక్షించుటలోనే మనోవిజ్ఞానికిని, మాటలతో ఉత్సాహపరచు వక్తకును భేదమున్నది.

చదువు పద్ధతియే దిగులునకు కారణమైనపుడు

"సార్, పదిసార్లు చదివాను. హాల్లో ఒక్క ముక్క రాలేదు. నాకు బుర్ర లేదు సార్." ప్రతి కళాశాలలోను ఏటేట వినబడు మాట ఇది. ఇందులో మూడు వాక్యములున్నవి. మొదటి రెండును నిజమే కావచ్చును. మూడవది తప్పుడు అనుమానము. కాని విద్యార్థిని క్రుంగదీయునది అదే.

2006లో రోడిగర్, కార్పికి అను ఇద్దరు కళాశాల విద్యార్థులకు చిన్న చిన్న శాస్త్ర వ్యాసములను ఇచ్చిరి. ఒక వ్యాసమును మరల చదువుమనిరి. మరియొకదానిని చదివిన పిదప పుస్తకము మూసి గుర్తున్నంత వ్రాయుమనిరి. అయిదు నిమిషముల తరువాత పరీక్షింపగా, మరల చదివినవారు నూటికి 81 పాళ్ళు, మూసి వ్రాసినవారు 75 పాళ్ళు జ్ఞాపకము తెచ్చుకొనిరి. వారము తరువాత లెక్క తలక్రిందులైనది: మరల చదివినవారు 42 పాళ్ళు, మూసి వ్రాసినవారు 56 పాళ్ళు. అంతకన్న ఆశ్చర్యకరమైన సంగతి, మరల మరల చదివినవారికే తమకు బాగుగ వచ్చునను ధీమా ఎక్కువగ ఉండుట.

ఈ ధీమాయే ప్రమాదము. చూచిన పుటనే చూచుటచే పుట పరిచితమగును. పరిచయమును జ్ఞాపకముగ భ్రమించి విద్యార్థి పరీక్షకు పోవును. అక్కడ వట్టి చేతులతో నిలిచినపుడు తన పద్ధతిని శంకింపడు, తన తెలివినే శంకించును. మరుసటి పరీక్షకు పదిసార్లకు బదులు ఇరువదిసార్లు చదువును, నిద్ర తగ్గించును. పదునెనిమిదేండ్లలోపువారికి ఎనిమిది నుండి పది గంటల నిద్ర కావలెనని నిద్రను పరిశీలించు వైద్యులందురు. నేర్చినది మెదడులో కుదురుకొనుటకు ఆ నిద్రయే ఆధారము. వేకువ నాలుగింటికి గంట కొట్టి లేపి, రాత్రి పదకొండు వరకు చదివించు వసతిగృహములు ఏమి కొని ఏమి అమ్ముచున్నవో యోచింపదగినది.

ఇట్టి విద్యార్థికి "దిగులు పడకు" అని చెప్పుట వలన లాభము లేదు. వాడు దిగులుపడుటకు నిజమైన కారణమున్నది. పుస్తకము మూసి వ్రాయుట, రెండు దినములకొకసారి, వారమునకొకసారి తనను తాను ప్రశ్నించుకొనుట అలవరచినచో ఆ కారణమే తగ్గును. ఉపాధ్యాయుడు కూడ మార్కులు లెక్కింపని చిన్న ప్రశ్నలతో పాఠము ముగించినచో తరగతికంతకు ఈ అభ్యాసమగును. అమెరికాలో 1,400 మందికి పైగా పాఠశాల విద్యార్థులను విచారించి 2014లో ప్రకటించిన ఒక పరిశీలనలో, ఇట్టి ప్రశ్నల వలన పెద్దపరీక్షలనిన బెదురు తగ్గినదని నూటికి 72 మంది చెప్పిరి.

అట్లని పద్ధతి నేర్పుటతోనే భయము పోవునని అనుకొనరాదు. 1988లో హెంబ్రీ అను పరిశోధకుడు పరీక్షాభయముపై అంతవరకు వచ్చిన 562 పరిశోధనలను ఒకచోట చేర్చి చూచెను. చదువు పద్ధతులను మాత్రమే నేర్పినపుడు భయము అంతగా తగ్గలేదు. భయమును సడలించు శిక్షణతో కలిపి నేర్పినపుడు ఫలితము కనబడినది. చదువు చెప్పువాడొకడు, మనస్సు చూచువాడొకడు వేరువేరుగ ఉన్నచో చాలదనుటకు ఇంతకన్న నిదర్శనమేల?

"నేను ఇక్కడికి తగను"

పదవ తరగతి వరకు పల్లెలో తెలుగు మాధ్యమమున చదివి, మండలములో మొదటివాడుగ నిలిచిన విద్యార్థి ఒకడు నగరములోని ఇంజనీరింగు కళాశాలకు వచ్చినాడనుకొందము. పాఠములన్నియు ఇంగ్లీషులో సాగును. తెలిసిన సంగతియే అయినను ఆ భాషలో చెప్పునపుడు అందదు. లేచి ప్రశ్న అడుగవలెనన్నచో వాక్యము ముందుగ మనస్సులో కూర్చుకొనవలెను. కూర్చుకొనులోపల పాఠము ముందుకు సాగిపోవును. వెనుకబల్లకు చేరును. మొదటి పరీక్షలో తక్కువ మార్కులు వచ్చును. ఇంటికి ఫోను చేసినపుడు "బాగానే ఉంది అమ్మా" అనును. అందరును తేలికగ ఉన్నట్లు, తానొక్కడే తప్పిపోయి వచ్చినట్లు వానికి తోచును.

వాల్టన్, కోహెన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయమున తొలి సంవత్సరపు విద్యార్థులతో చేసిన ప్రయోగము 2011లో ప్రకటింపబడినది. తొలియేట అందరికిని తాము అక్కడకు తగమను అనుమానము కలుగుననియు, కాలక్రమమున అది తొలగిపోవుననియు పై తరగతులవారు చెప్పిన మాటలను వారిచే చదివించి, దానిపై వారిచేతనే ఒక వ్యాసము వ్రాయించిరి. అంతకు పట్టినది సుమారొక గంట. ఆ తరువాత మూడేండ్లలో నల్లజాతి విద్యార్థుల మార్కులు పెరిగి, తెల్లజాతివారితో వారికున్న అంతరము సగమయ్యెను. ఆ గంట వారికి క్రొత్త తెలివినిచ్చినదని కాదు. తక్కువ మార్కులు వచ్చిన దినమున "ఇది నా ఒక్కనికే" అని కాక "ఇది తొలియేటి సంగతి" అని అనుకొనుట వారికి వీలైనది.

ఒక గంటలో ఇంత జరుగునా యని సందేహము కలుగుట సహజమే. 2023లో ఈ పరిశోధక బృందమే 22 విద్యాసంస్థలలో 26 వేలమందికి పైగా విద్యార్థులతో ఈ ప్రయోగమును మరల చేసినది. మేలు కలిగినది కాని, అన్నిచోట్ల కాదు. ఆ విద్యార్థులవంటివారు నిజముగ కలిసిమెలిసి ఉండుటకు అవకాశమున్న కళాశాలలలోనే ఆ మాటలు ఫలించినవి. లేనిచోట "నీవు మావాడవే" అను మాట వట్టిమాటగనే మిగిలినది.

కనుక మన కళాశాలలలో మనోవిజ్ఞాని తన గదిలో కూర్చున్నచో చాలదు. తెలుగు మాధ్యమమునుండి వచ్చి నెగ్గిన రెండవ, మూడవ సంవత్సరపువారిని క్రొత్తవారి యెదుట మాట్లాడించుట, వెనుకబల్లవారు జంకక ప్రశ్నలు కాగితముపై వ్రాసియిచ్చు ఏర్పాటు చేయించుట, తొలి నెలలో తెలుగున కూడ వివరింపుడని అధ్యాపకులను ఒప్పించుట కూడ అతని పనియే. ఇవి చికిత్సలవలె కనబడవు. మార్కుల వరుసను బట్టి విభాగములు చేసి, వెనుకబడినవారిని "ఆఖరి సెక్షను" అని పిలుచు అలవాటును మాన్పగలిగినచో, అది అతడు గదిలో కూర్చుండి ఇచ్చు వంద సలహాలకన్న ఎక్కువ.

ప్రమాదసూచనలు

ఇంతవరకు చెప్పినది మామూలు నలతలను గూర్చి. కొందరి విషయము ఇంతకన్న తీవ్రము. మనోవిజ్ఞాని వైద్యుడు కాడు, మందులు వ్రాయడు. ఎవరిని వైద్యునివద్దకు పంపవలెనో గుర్తించుట మాత్రము అతని ముఖ్యమైన పని. ఆ గుర్తులు ఉపాధ్యాయులకును తెలిసి ఉండవలెను. రెండు వారములకు పైగా ఎడతెగని విచారము, ఇదివరకు ఇష్టపడిన ఆటపాటలపై విముఖత, నిద్రలోను ఆకలిలోను మార్పు, ఉన్నట్లుండి తరగతులకు రాకపోవుట, స్నేహితులకు దూరమగుట, తాను ఇతరులకు బరువైతినని మాట్లాడుట, ప్రియమైన వస్తువులను పంచిపెట్టుట. వీనిలో చివరి రెండును కనబడినచో ఆలస్యము చేయరాదు.

2022లో మన దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరని జాతీయ నేర గణాంక సంస్థ నివేదిక తెలుపుచున్నది. మరునాటి పత్రికలు "మార్కులు తక్కువ వచ్చినందున" అని ఒక్క కారణము వ్రాసి ఊరుకొనును. ఒక్క కారణముతో ఇట్టిది జరుగదు. చికిత్స అందని కుంగుబాటు, ఒంటరితనము, ఇంటి చిక్కులు, అవమానము ఎన్నో కలిసి ఉండును. అందుచేతనే ఎక్కడో ఒకచోట ఎవరైన అడ్డుపడినచో ఆపుటకు వీలున్నది.

ఉపాధ్యాయులకు సాధారణముగ ఒక జంకు ఉన్నది: చావు మాట తామెత్తినచో లేని ఆలోచన పుట్టించినవారగుదుమేమో యని. 2005లో న్యూయార్కు రాష్ట్రమున రెండువేలకు పైగా ఉన్నత పాఠశాల విద్యార్థులతో చేసిన పరిశోధన ఈ జంకునకు ఆధారము లేదని చూపినది. ఆ ప్రశ్న అడిగినవారిలో అడుగనివారికన్న బాధ గాని, అట్టి ఆలోచనలు గాని పెరుగలేదు. అప్పటికే బాధలో ఉన్నవారికి కొంత ఊరట కూడ కలిగినది. "ఏమిరా, ఈమధ్య అదోలా ఉంటున్నావు. బ్రతకాలని లేదని ఎప్పుడైనా అనిపిస్తోందా?" అని ఏకాంతముగ, నెమ్మదిగ అడుగవచ్చును. అవునన్నచో కోపపడక, ఉపన్యాసము చెప్పక, వినవలెను. ఒంటరిగ విడువక, అప్పుడే పెద్దలకును, వైద్యునికిని అప్పగింపవలెను. 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్రప్రభుత్వము ఆరంభించిన టెలి-మానస్ అను ఫోను సేవ 14416 అను నంబరుపై రాత్రింబవళ్ళు ఉచితముగ లభించుచున్నది. అందు తెలుగులోనే మాట్లాడవచ్చును. విద్యార్థి తనంత తానుగ చేయవచ్చును, ఉపాధ్యాయుడు సలహా కొరకు చేయవచ్చును.

క్రొత్త ఆదేశములు

2023లో విశాఖపట్నమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు సిద్ధమగుచున్న పదునేడేండ్ల విద్యార్థిని ఒకతె మరణించినది. ఆ కేసు సుప్రీంకోర్టువరకు వెళ్ళినది. 2025 జులై 25వ తేదీన న్యాయస్థానము తీర్పు చెప్పుచు, ప్రత్యేక చట్టము వచ్చువరకు దేశములోని విద్యాసంస్థలన్నియు పాటింపవలసిన పదునైదు నిబంధనలను విధించినది. నూరుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి సంస్థ, పిల్లల మానసికారోగ్యమున శిక్షణ పొందిన కౌన్సిలరును గాని, మనోవిజ్ఞానిని గాని, సాంఘిక సేవకుని గాని కనీసమొకరిని నియమింపవలెను. బోధన సిబ్బందికిని, ఇతర సిబ్బందికిని ఏటికి రెండుసార్లు ఈ విషయమున శిక్షణ ఇప్పింపవలెను. మార్కులను బట్టి విద్యార్థులను వేరు చేయుట, నలుగురిలో అవమానించుట, శక్తికి మించిన లక్ష్యములు పెట్టుట వీలైనంతవరకు మానవలెను.

నియమింపవలెనన్నారు గాని, అంతమంది తర్ఫీదు పొందినవారు ఎక్కడ దొరకుదురను ప్రశ్న మిగిలియే ఉన్నది. పేరునకు ఒకరిని నియమించి, వారికి హాజరుపట్టీలు, ఫీజు బకాయిల పని అప్పగించు సంస్థలు పుట్టక మానవు. ఫీజు అడిగినవారి యెదుటనే మనస్సు విప్పుట ఏ విద్యార్థికైన సాధ్యమా? కౌన్సిలరునకు మరి ఏ అధికారము ఉండరాదు. మార్కులు వేయునది, శిక్ష విధించునది, సెలవు మంజూరు చేయునది వేరొకరై ఉండవలెను. గది కూడ ప్రిన్సిపాలు గది ప్రక్కన కాక, విద్యార్థులు మామూలుగ తిరుగు గ్రంథాలయము వైపున ఉన్నచో, ఎవడు ఎందుకు పోవుచున్నాడో నలుగురి కంటబడదు.

ఆ గదిలో కూర్చున్న విద్యార్థి సాధారణముగ మొట్టమొదట అడుగునది తన బాధను గూర్చి కాదు. "మా నాన్నకు చెప్తారా?" అని అడుగును. చికిత్స పొందువాని సంగతులు గోప్యముగ ఉంచవలెనను హక్కును 2017నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము గుర్తించినది. విద్యా మనోవిజ్ఞాని కూడ మొదటనే స్పష్టముగ చెప్పవలెను: ఇక్కడ చెప్పినది ఈ గది దాటదు, ప్రాణమునకు అపాయమున్నదని తోచినపుడు మాత్రము ఇంటివారికి తెలుపక తప్పదు, అదియు నీకు చెప్పియే తెలుపుదును. ఈ మినహాయింపును దాచి అంతయు రహస్యమేయని మాట ఇచ్చి, తరువాత తప్పినచో ఆ విద్యార్థి మరల రాడు. వాని సంగతి విన్న తోటివారును రారు.